ఆరు అంకెలు

వెర్నా అయస్కాంతాన్ని కారు తలుపు మీద పెట్టింది. టక్కున అతుక్కుంది.

"ఇక్కడ అసలు రేకే," అంది. జానెడు కిందికి జరిపింది. అయస్కాంతం జారి నేల మీద పడింది. "ఇక్కడ రేకు పోతే లప్పం పూశారు."

డెల్మర్ కొపెకీ వంగి దాన్ని తీసి ఆవిడ చేతికిచ్చాడు.

ఆ కారు వాళ్ల నాన్నది. 1969 మోడల్ మజిల్ కారు, పెద్ద ఇంజనుతో దూసుకుపోయే రకం. ఓపికున్నన్నాళ్లూ శనివారం పందేల్లో ఆయన దాన్ని చచ్చేట్టు తోలేవాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ నాదంటే నాదని తగువుపడ్డారు. తమ్ముడు రాలీ ఊరుకుంటాడా? అంత్యక్రియలైన మూడో రోజున గొలుసులు తెచ్చి, ఇంజను ఊడదీసి, పికప్‌లో వేసుకుని చక్కా పోయాడు. పందొమ్మిదేళ్లుగా బండి అన్న షెడ్డులో, ఇంజను తమ్ముడి షెడ్డులో. మధ్య పదకొండు మైళ్లు. మాటల్లేవు.

తమ్ముడితో మాటల్లేవు గానీ, డెల్మర్ నోరు ఊరుకోలేదు. నాన్న ఇంజనును రాలీ ఎప్పుడో అమ్ముకు తిన్నాడనీ, ఇప్పుడు దాచుకున్నది ఎక్కడిదో తుక్కనీ కాఫీ దుకాణంలో కనబడిన వాళ్లందరికీ చెప్పాడు. దొంగ అన్న పేరు చర్చి దాకా పాకింది. పాపం, రాలీ ఆదివారాలు వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

మొన్నటి మంచుకు డెల్మర్ షెడ్డు కప్పు కూలింది. ఇక తేల్చుకోవాలి. కారును బాగు చేయించాలా, తుక్కు లారీ ఎక్కించాలా? లారీ మూడింటికి వస్తుంది. అందుకే వెర్నా టటుల్‌ని పిలిచాడు.

మా కౌంటీలో పాత బండ్లకు ఆవిడ మాటే తీర్పు. మొహమాటం బొత్తిగా లేదు. పాస్టరు గారి బండిని ఆయన మొహం మీదే "కోళ్లగూడుకి పనికొస్తుంది" అనేసింది. సొంత అల్లుడు గొప్పగా కొనుక్కున్న కారు నకిలీదని పెళ్లి విందులోనే తేల్చి చెప్పింది. ఆవిడ చూసి చెప్పాక ఆ బండిని మళ్లీ ఇంకెవరూ పరీక్షించరు.

వెర్నా కారు కింద దూరి, సుత్తితో అక్కడక్కడా తట్టి, వీపు దులుపుకుంటూ లేచింది.

"మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగు రేకును తినేసింది. చట్రం గట్టిదే. చూడు డెల్మర్, దీంతో పుట్టిన ఇంజను ఉంటే బాగుచేయించు. లేదంటే లారీకెక్కించి దణ్ణం పెట్టు."

"వాణ్ణి నేను పిలవను."

"నేను పిలిచాన్లే. దారిలో ఉన్నాడు."

"నిన్నెవరు పిలవమన్నారు?"

"సగం బండి చూసి తీర్పు చెప్పడానికి నాకేం పిచ్చా?"

పికప్ వచ్చి ఆగింది. రాలీ దిగాడు. అన్న వైపు చూడకుండా, పికప్‌లో ఉన్న ఇంజను మీది టార్పాలిన్ లాగాడు.

"పందొమ్మిదేళ్లలో దీని మీద పానా కూడా పెట్టలేదు," అన్నాడు వెర్నాతో. "ఆయనకి చెప్పు."

"అంకెలు చెబుతాయిలే," అన్నాడు డెల్మర్ గాల్లోకి చూస్తూ. "ఒక్కటి తేడా వచ్చినా రెండూ ఇవాళే లారీ ఎక్కుతాయి. రేపు నేను చచ్చినా వీడు నా గడప తొక్కకూడదు."

"తేడా రాకపోతే?" అన్నాడు రాలీ. "రాకపోతే ఏం చేస్తావు అన్నయ్యా?"

డెల్మర్ కారు ముందద్దం వైపు నడిచాడు.

ఫ్యాక్టరీలో బండికిచ్చే నంబరు చివరి ఆరంకెలనే ఇంజను మీదా కొడతారు. తర్వాత విడిగా కొని మార్చిన ఇంజను మీద అవి ఉండవు. ముందద్దం కింద రేకు మీదున్నవి డెల్మర్ చదవాలి. ఇంజను మీదున్నవి వెర్నా చూస్తుంది. ఆవిడ పికప్ ఎక్కి, జిడ్డు తుడిచి, తీగ బ్రష్షుతో గీకి, భూతద్దం పెట్టి వంగింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు రాలీ.

"తుప్పు. కాస్త ఆగు."

మళ్లీ గీకింది. తలెత్తి అన్నదమ్ములిద్దర్నీ ఒకసారి చూసింది.

"చదువు డెల్మర్. ఒక్కొక్కటీ."

"మూడు."

"మూడే."

"ఒకటి."

"ఊఁ."

రాలీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తొమ్మిది."

"తొమ్మిది."

"సున్నా."

వెర్నా భూతద్దం కొంచెం జరిపింది. రాలీ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన కాబోలు.

"సున్నా," అంది చివరికి.

"నాలుగు."

"నాలుగు. ఆఖరిది కానీ."

డెల్మర్ కళ్లజోడు తీసి, చొక్కాకు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎనిమిది."

"ఎనిమిదే. కలిశాయి. ఇది మీ నాన్న బండితో పుట్టిన ఇంజనే."

డెల్మర్ అడుగులో అడుగు వేసుకుంటూ పికప్ దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్ రాలీ, ఊరంతా చెప్పానురా."

"తెలుసు."

"రేపు కాఫీ దుకాణానికి రా. అందరి ముందూ నేనే చెబుతాను, అబద్ధాలాడింది నేనని."

రాలీ ఏడ్చేశాడు. డెబ్బై ఏళ్ల మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. డెల్మర్ తమ్ముడి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. అయిదు నిమిషాలు తిరక్కుండానే మళ్లీ గొడవ మొదలైంది. నీలం రంగు వేయించాలని ఒకడు, నలుపే ఉంచాలని ఇంకొకడు.

మూడింటికి వచ్చిన లారీని వెర్నాయే వెనక్కి పంపింది. తర్వాత ఇంజను మీద తను గీకిన చోట గ్రీజు దిట్టంగా పట్టించింది.

"ఈ గ్రీజు ఎవరూ తుడవకండి. తుప్పు పట్టిందంటే నా అంత చెడ్డది ఉండదు," అని ఇద్దర్నీ గదమాయించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ గ్రీజు కింద ఇనుము మీద ఎవరూ, ఎప్పుడూ, ఒక్క అంకె కూడా కొట్టలేదు.