గాలి పొయ్యి అప్పగింతలు

"బ్రెడ్డు గిన్నెల నుంచి తీసి సక్కగ అండ్ల పడెయ్యకు బిడ్డా! బొక్కలల్లకెళ్లి గుడ్డంత కిందికి కారుతది!"

కనకమ్మ అరుపుకి కృష్ణప్రియ చేయి ఆగిపోయింది. అప్పటికే పాలూ గుడ్డూ కలిపిన సొన నాలుగు చుక్కలు ఎయిర్ ఫ్రయర్ జల్లెడలో పడనే పడ్డాయి.

"మరి ఎలా వేయాలండి?"

"చిన్న స్టీలు ప్లేటుకు నెయ్యి రాసి, దాని మీద పెట్టాలె. ఉత్త కాయితమేస్తే లోపలి గాలికి లేస్తది, మాడుతది. ప్లేటు అందుకో."

కృష్ణప్రియ ఒక అర తెరిచింది. పప్పుల డబ్బాలు. ఇంకో అర తెరిచింది. అక్కడా డబ్బాలే. కనకమ్మ ఉండబట్టలేక మూడోది తెరిచి, ప్లేటు తీసి టప్పున గట్టు మీద పెట్టింది.

నల్లగండ్లలోని ఈ పద్నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా వంట ఆమెదే. వంటొక్కటేనా! ఐదేళ్ల రసజ్ఞను లేపడం, స్నానం, జడలు, ఎనిమిదింటికి స్కూలు బస్సెక్కించడం, అన్నీ ఆమెవే. ఇన్నాళ్లూ ఆ పిల్ల కళ్లు తెరిచేసరికి అమ్మా నాన్నా ఇద్దరూ రాయదుర్గంలోని ఆఫీసుల దారి పట్టేసేవారు.

నిన్న సాయంత్రం పాప నాన్న శ్యామ్ సార్ ఆమెను పిలిచి, తల వంచుకునే చెప్పాడు. "రేపొక్కరోజు రా కనకమ్మా. ఎల్లుండి నుంచి వంటగది కృష్ణప్రియ చూసుకుంటుంది. పాప టిఫిన్ ఒక్కటీ కాస్త నేర్పించి వెళ్లు." ఈ పొద్దు ఆయన పెందలాడే ఆఫీసుకి వెళ్లిపోయాడు. కనకమ్మ ముఖం చూడలేకే కాబోలు.

పాప టిఫిన్ అంటే మాటలా! పిల్ల పుల్లలా ఉందని, రోజూ గుడ్డు పడాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఉడకబెట్టి పెడితే ఉమ్మేసింది. అట్టేసి పెడితే వాసనంది. చివరికి ఈ గాలి పొయ్యిలో కరకరలాడేలా చేసిన ఫ్రెంచ్ టోస్ట్ ఒక్కటే దాని గొంతు దిగింది, అదీ కనకమ్మ చేస్తేనే. పొద్దున ఇది తినకపోతే మధ్యాహ్నం దాకా మంచినీళ్లే.

"ఈ బొట్టుబిళ్లలు ఏంటండీ, దీనికి అంటించారు?"

"నాకు ఇంగ్లీషొస్తదా ఏంది? ఎర్ర బిళ్ల కాడికి తిప్పితే వేడి. పచ్చ బిళ్ల కాడికి తిప్పితే టైము."

కృష్ణప్రియ గబగబా ఫోన్‌లో రాసుకుంది. కనకమ్మకి ఒళ్లు మండింది. "పరీక్షనా ఇది, రాసుకునుడు? చేత్తోని చేస్తే వస్తది" అంది.

మండుతూనే ఒక సంగతి కడుపులో దాచేసుకుంది. సగం కాలాక బ్రెడ్డు తిప్పి, వెన్నలో చక్కెర కలిపి పూయాలి. కరకర అంతా దానిదే. నాలుగేళ్లు నా చేతుల్లో పెరిగిన పిల్ల, అన్నీ అప్పగించి చేతులు దులుపుకుని పోవాలా? చెప్పను గాక చెప్పను అనుకుంది.

గాలి పొయ్యి గంట మోగింది. కృష్ణప్రియ ప్లేటు పట్టుకుని హాల్లోకి వెళ్లింది. రసజ్ఞ ఒక కొస కొరికి, ప్లేటు నెట్టేసింది.

"ఇది కనకమ్మ చెయ్యలే. గిట్ల మెత్తగుంటే ఎవరు తింటరు? నాకొద్దు."

"ఒక్క ముక్క, బంగారం..."

"నువ్వు చేసింది నాకొద్దు!"

టైము ఏడూ నలభై. కృష్ణప్రియ వంటగదిలోకి వచ్చి, సింకు పట్టుకుని నిలబడింది. భుజాలు కదిలిపోతున్నాయి.

"నా ఉద్యోగం పోకపోయుంటే నేను మీ చోటికి వచ్చేదాన్నే కాదు కనకమ్మగారూ" అంది. "నెలన్నర తిరిగాను. రోజూ పొద్దున్నే బయల్దేరి ఎక్కడెక్కడికో వెళ్లాను. అందరూ ఫోన్ చేస్తామన్నవాళ్లే. ఇప్పుడిదీ చేతకాదని తేలిపోతే నేనేం చేయను? ఆ పిల్ల ఆకలితో బస్సెక్కితే నేను చూడలేనండి."

కనకమ్మ గుండె ఒక్కసారిగా నీరైపోయింది. ఛీ, పసిదాని నోటికాడి తిండి దగ్గరా నా పంతం అని తనను తానే తిట్టుకుంది. ఆమె ఉద్యోగం పోయింది, నాది పోతోంది. ఎవరి మీద ఎవరికి కోపం?

"ఏడ్వకు బిడ్డా. తప్పు నీది కాదు, నాది. ఒకటి చెప్పకుంట దాచిన. ఇంకో రెండు ముక్కలు ముంచు, జల్ది."

ఈసారి తనే పక్కన నిలబడి చూపించింది. సగంలో తిప్పించింది. వెన్నా చక్కెరా అంచుల దాకా పూయించింది. నాలుగు నిమిషాలకు వంటిల్లంతా కమ్మటి వాసన నిండింది.

"మీరే తీసుకెళ్లండి" అంది కృష్ణప్రియ.

"వద్దు. నేనుంటే నా దిక్కే చూస్తది. నువ్వే పో, నువ్వే పెట్టు."

కనకమ్మ తలుపు వెనక నిలబడి తొంగి చూసింది. రసజ్ఞ ముక్కను అటూ ఇటూ తిప్పింది. కొరికింది. కరకరమంది. ఇంకో కొరుకు. ప్లేటులో రెండో ముక్క కూడా సగమైంది. కనకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల తిన్నందుకు నవ్వాలో, తను లేకుండానే తిన్నందుకు ఏడవాలో ఆమెకు తెలియలేదు. రేపు ఈ వేళకు తను ఎక్కడ ఉంటుందో అంతకంటే తెలియలేదు.

కింద బస్సు హారన్ మోగింది. కృష్ణప్రియ బ్యాగు అందుకుని, మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల బూట్ల లేసులు కట్టసాగింది. రసజ్ఞ మూతి తుడుచుకుంటూ ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

"అమ్మా, ఇయ్యాల నీకు ఆఫీస్ లేదా?"