స్టీమ్ కొట్టమన్న పెద్దమనిషి

డ్రైవరు లేని కార్లు వచ్చాక ఓనర్లు ఒళ్లు వంచడం మానేశారు. కార్లే ఒంటరిగా ఊరంతా తిరిగి కిరాయి తెస్తాయి. లోపలి మురికి మాత్రం ఉప్పల్‌లోని నా షెడ్డుకు వస్తుంది.

ఈరోజు వచ్చిన కారులో వెనక సీటంతా రక్తం. పొద్దున ఎవరో గర్భిణి ఆసుపత్రికి పోతూ అందులోనే ప్రసవించిందట. వెంట వచ్చిన ఓనరు ముక్కు మూసుకొని నిలబడ్డాడు.

"తల్లీబిడ్డ మంచిగున్నరా సార్?" అని అడిగాను.

"నాకేం తెలుసు సైదమ్మా? తెల్ల సీటు ఖరాబైంది, అది చూడు. స్టీమ్ కొట్టు, జల్దీ పోతది."

రక్తం మరకను ముందు చన్నీళ్లతో తడిపి, మిషన్‌తో పీల్చాలి. వేడి తగిలిందా, ఇక జన్మలో వదలదు.

"మీరు చెప్పినట్టే సార్," అని, ఇరవయ్యేళ్లలో మొదటిసారి రక్తం మీదికి స్టీమ్ గొట్టం తిప్పాను.