గంప లేకుండా

శ్యాము పోయి పదకొండు రోజులు. పోలీసుల భయానికి గల్లీలో ఎవరూ మా గడప తొక్కలేదు. వాడు తిరిగిన హిందువుల సభ వాళ్లు మాత్రం ఒక్కసారి వచ్చారు, అబిడ్స్‌లో తీయించుకున్న వాడి ఫొటో కావాలని. నాంపల్లిలో వాళ్లకున్న ఒక్క గదిలో దండ వేసి పెడతారట. సర్కారు మీద సత్యాగ్రహం చేసి, జైల్లో జ్వరంతో పోయినవాడు వాళ్లకు వీరుడు. నాకు వాడొక్కడే కొడుకు.

ఫొటో ఇచ్చేశాను. గోడకు మేకు మిగిలింది.

ఈ పొద్దు మళ్లీ తలుపు చప్పుడైంది. తీస్తే ఖైరూబీ, ఇరవై ఏళ్లు నా చేతులకు గాజులు తొడిగిన మనిషి.

పోయిన శ్రావణంలో శ్యాము ఈ గడపలోనే ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "మీ వాళ్ల తాన ఏదీ కొనొద్దని మా సభ కట్టు, బీబీ. గంప తీస్కొని ఇగ మా ఇంటికి రాకు" అన్నాడు. నేను లోపలే ఉండిపోయాను. ఆమె గాజుల గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

పోయిన కొడుకు మాట నేనెట్లా దాటను?

"నేనేం కొనను ఖైరూ. వాని మాట ఉన్నది."

"ఎరికే అక్కా." ఖాళీ చేతులు చూపించింది. "గంప తేవద్దన్నడు, తేలే. నీ పక్కన కూసోవద్దనలే గద?"

నేను గడపలో, వాడు నిలబడ్డ చోటే అడ్డంగా నిలబడి ఉన్నాను.

"జర జరుగక్కా" అంది.