నాలుగో కెమెరా

నిఘా కెమెరాలకు సరిపోయే రౌటరు పెట్టడానికి ప్రభుకిరణ్ గల్ఫ్‌లోని అజ్మాన్‌లో ఒక విల్లాకు వచ్చాడు. తెలుగువాడని తెలియగానే పనిమనిషి మంగ అతణ్ణి తన గది దగ్గర ఆపింది.

“తమ్ముడూ, నాలుగో కెమెరా నా గదిలో పెట్టమంది మేడమ్. సిగ్నల్ ఇక్కడిదాకా రాని రౌటరేదైనా పెట్టెయ్యవా?”

“అలా పెడితే రేపు ఇంకొకణ్ణి పిలుస్తారక్కా. నా పని ఖలాస్.”

అతను పెద్ద రౌటరే బిగించి, నాలుగో కెమెరా ఆమె గదిలో పెట్టి, ఫోనులో ఆ గదిని మూలమూలా చూశాడు.

“తలుపు వెనకాల కొంచెం చోటు కనబడట్లేదక్కా. బట్టలు అక్కడ మార్చుకో.”

మంగ అక్కడికెళ్ళి నిలబడి, కమీజు విప్పుతున్నట్టు చేతులు పైకెత్తింది.

“కనబడుతున్నానా?”

“మోచేతులు కనబడుతున్నాయక్కా.”

మంగ చేతులు దించేసి, గోడకు ఇంకాస్త ఆనుకుంది.