డిశ్చార్జికి ముందు బెల్లం ముక్క

ఆ రోజుల్లో షుగర్ వార్డులో ఎవరూ మూడు రోజులకు మించి ఉండేవారు కాదు. జపాన్ నుంచి బ్రెజిల్ దాకా ఒకటే పద్ధతి: పొట్టలో కొత్త గ్రంథి అమర్చడం, ఇష్టమైన తీపి తినిపించడం, గోడ మీది తెరపై రక్తంలో షుగర్ చూపే అంకె కదలకపోతే ఇంటికి పంపేయడం.

పైడినాయుడికి ఆ అంకె గురించి బెంగ లేదు. ఒకప్పుడు అనకాపల్లి మార్కెట్లో బెల్లం రుచి చూసి ధర కట్టేవాడు. షుగర్ వచ్చాక ఆ పని మానేసి పదకొండేళ్లయింది. నాలుక ఆ విద్య మరిచిపోయి ఉంటుందేమోనన్నదే అతని భయం.

సిస్టర్ హేమలత బెల్లం ముక్క చేతిలో పెట్టింది. "తిను తాతా, ఏమీ కాదు."

అతను కళ్లు మూసుకుని నెమ్మదిగా చప్పరించాడు. అంకె కదల్లేదు. సిస్టర్ డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టింది. పైడినాయుడు మాత్రం మొహం చిట్లించాడు.

"ఏటైనాది?" అంది భార్య నూకాలమ్మ కంగారుగా.

"సిస్టరమ్మా, ఇది ఎక్కడ కొన్నారు? ఇందులో పంచదార కలిపేసినారు. పాకం కూడా మాడిపోనాది."

ఆస్పత్రి సరుకును అంత మాట అన్నందుకు సిస్టర్ నొచ్చుకుంది. నూకాలమ్మ మాత్రం నవ్వుతూ కొంగుతో కళ్లొత్తుకుని సంచీ అందుకుంది.

"పద మావా. ఇంటికి తరవాతెల్దాం, ముందు మార్కెట్టుకెల్దాం."