గిట్ట పైకా, కిందికా

కసిల్దా బజారు నుంచి వచ్చేసరికి పంది తొడ మళ్లీ తిరగబడి ఉంది. గిట్ట పైకి.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. పొద్దున తనే మర విప్పి, గిట్ట కిందికి పెట్టి, బిగించి మరీ వెళ్లింది. ఎనిమిది కిలోల తొడను చెక్క స్టాండు మీద అటూ ఇటూ తిప్పడమంటే మాటలా?

"ఏమయ్యా, నీకు మతిగానీ పోయిందా?" అంది సంచీ బల్ల మీద పడేస్తూ.

ఆవిడ మొగుడు అనిసెతో తలెత్తలేదు. వంటింటి కిటికీ దగ్గర మార్చి నెల ఎండలో కూర్చుని, సన్నటి పొడుగు కత్తికి పదును పెట్టుకుంటున్నాడు.

నలభై ఏళ్లుగా ఆ కొండ ఊళ్లలో ఏ పెళ్లయినా హమోన్ కోసింది ఆయనే. ఉప్పులో ఊరి, మూడేళ్లు గాలికి ఆరిన తొడను కాగితమంత పల్చగా కోయడంలో ఆయన్ని మించినవాడు లేడు. అలాంటివాడికి ఆ మాత్రం తెలియదా? ఇంటినిండా జనం ఉండి, నాలుగు రోజుల్లో అయిపోయేదైతే గిట్ట పైకి పెడతారు. మెత్తటి కండ ముందొస్తుంది. ఇద్దరే నెలల తరబడి తినేదైతే గిట్ట కిందికి పెట్టి, త్వరగా ఎండిపోయే సన్నవైపు ముందు కోస్తారు. ఆ ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

"ఉన్నది మనిద్దరం. మేలురకం, నల్ల చీటీ తొడ ఇంటికి తేవడం ఇదే మొదలు. ఇది జూన్‌లో శాన్ హువాన్ పండగ మంటలు వేసేదాకా రావాలి. రావాలంటే రావాలి!"

"మంచివైపు ముందు తినాలనిపించిందే," అన్నాడు తాపీగా.

"అవతలివైపు ఎండి చెక్కయిపోతే?"

"పులుసులో వేసుకో."

ఎప్పుడూ తెల్ల చీటీది తప్ప కొనని మనిషి ఇంత ఖరీదైనది ఎందుకు తెచ్చిందని మాటవరసకైనా అడగలేదు. అదీ ఆవిడ మంట. అడుగుతాడని జవాబు కూడా సిద్ధం చేసుకుంది పాపం.

దీనికి తోడు, వారం నుంచి ఇంకో పోరు.

"రా, కత్తి పట్టు."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ కత్తి ముట్టుకుంటే చేతిమీద ఒక్కటేసినవాడు, ఇప్పుడు నేర్చుకొమ్మని ప్రాణం తోడేస్తున్నాడు.

"నాకెందుకయ్యా ఈ వయసులో? కోసిపెట్టడానికి నువ్వు లేవూ?"

"భుజం లాగుతోందే. పట్టు. మణికట్టు వదులుగా. నొక్కకు, మెల్లగా లాగు... కట్టెలు కొడుతున్నావా?"

మొదటి ముక్క చెప్పు అట్టలా వచ్చింది. ఆయన దాన్నీ వదలకుండా నమిలాడు. నాలుగోది పల్చగా వచ్చింది. దాన్ని ఎండకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఫర్వాలేదు. ఇంక ఎవర్నీ బతిమాలక్కర్లేదు నువ్వు."

"నేనెవర్ని బతిమాలాలి?" ఆవిడ కత్తి అక్కడ పడేసింది. విసుగుతో ఏడుపొచ్చేట్టుంది. "రేపు పొద్దున మళ్లీ కిందికి తిప్పుతాను, చూస్తూండు!"

"తిప్పుకో. నేను మళ్లీ పైకి తిప్పుతా."

"మొండిఘటం!"

ఇంక ఈయనతో లాభం లేదని, రేపటికి శనగలు నానబెడదామని అలమారలోంచి డబ్బా దించింది. పళ్లెం కూడా ముందుకు లాక్కుంది.

"ఏరక్కర్లేదే," అన్నాడు అనిసెతో వెనకనుంచి. "పోయిన ఆదివారం నువ్వు చర్చికెళ్లినప్పుడు డబ్బా మొత్తం బోర్లించి, ఏరి, మళ్లీ ఎలా ఉన్నవి అలా పోసేశాను."

ఆయనకు మహా అయితే రెండు నెలలని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని కసిల్దా దాచిపెట్టింది ఆ శనగల అడుగునే.