కాంపౌండర్ గారి జవాబు

"మూడొద్దుల సంది జరం సార్," అంటూ గట్టయ్య తన జతగాడు ఖాజాను నడిపించుకొచ్చాడు.

బొగ్గుబాయి దవాఖాన కాంపౌండర్‌ని నేను. నా దగ్గర అన్నిటికీ జవాబుంది. కళ్లెర్రబడితే బొగ్గుదుమ్ము. పిక్కలు గుంజితే బాయి ఎక్కిదిగడం.

"ఒంటేలు వస్తలేదు సార్," అన్నాడు ఖాజా.

"రంజాన్ రోజా ఉంటివి. నీళ్లు తాగకపోతే ఎట్లొస్తది?" నా తెలివికి నేనే మురిసిపోతూ బిళ్లలు పొట్లం కట్టాను.

"నాకు గూడ గట్లనే ఉన్నది," అన్నాడు గట్టయ్య. "నేను రోజా లేను గద సార్!"

ఇద్దరి కళ్లల్లోనూ ఎరుపు వెనక పసుపు. కట్టిన పొట్లం పక్కన పెట్టాను.

"బాయిల ఎలుకలున్నయా?"

"మోకాలి లోతు నీళ్లల్ల మేముంటం, మా సద్దిల అవుంటయ్."

అంబులెన్సు కోసం పెద్ద దవాఖానకు ఫోన్ చేశాను. "ఏం రోగం?" అన్నారు.

"ఎలుకల జ్వరమేమో, నాకు తెల్వదు. జల్ది రాండ్రి!"

ఇరవై ఏళ్ల సర్వీసులో తెల్వదన్నది అదే మొదటిసారి.